మ్యాపులో నీలి చుక్క

రాజమండ్రి,
12 జూన్ 2023

పిన్నీ,

పోస్టులో నా చేతిరాత చూసి కంగారుపడకు. ఎవరికీ ఏమీ కాలేదు. ఫోను ఉండగా ఉత్తరమేంటని నువ్వు అనుకుంటావు. ఫోనులో కొన్ని మాటలు కుదరడం లేదు. ఇప్పటికి అంతకన్నా అడక్కు.

ఇక్కడ ఎండ తగ్గలేదు. మా హాస్టల్ గది పై అంతస్తు కావడంతో సాయంత్రానికి గోడలు సెగలు కక్కుతాయి. ల్యాబులో మాత్రం ఏసీ ఉంది. మిషన్లు పాడవకుండా పెట్టిన ఏసీ కింద మేం కూడా బతికేస్తున్నాం. మొన్న ఒక ముసలాయన, నేను రక్తం తీసి దూది పెట్టేశాక, ఎప్పుడు గుచ్చుతావమ్మా అని అడిగాడు. నా చెయ్యి తేలికని బేబీ గారు అందరికీ చెప్పుకుంటారు. బేబీ గారంటే మా ల్యాబులో సీనియర్, రామచంద్రపురం ఆవిడ. నన్ను సొంత చెల్లెల్లా చూస్తారు.

అసలు సంగతి ఇది. మాఘమాసంలో అనుకున్న పెళ్ళి ఇంకో ఏడాది వెనక్కి జరిపేలా నువ్వు అమ్మతో మాట్లాడగలవా? సుధాకర్ గారి మీద నాకేం కోపం లేదు. ఆయనకి నేనంటే ప్రాణం. అందుకే ఎవరికీ ఏమీ చెప్పలేకపోతున్నాను. నేను అడిగితే అమ్మ వెంటనే ఆయనకే ఫోన్ చేసి కారణం అడుగుతుంది. నువ్వైతే నీ మాటగా చెప్తావు.

జవాబు హాస్టల్‌కి రాయకు. కవరు మీద బేబీ గారి పేరు రాసి ల్యాబుకి పంపు. నాతో ఫోన్లో మాట్లాడేటప్పుడు మాత్రం ఈ ఉత్తరం ఊసెత్తకు. బాబాయిని అడిగానని చెప్పు.

నీ దుర్గ

*

మొగల్తూరు,
21 జూన్ 2023

దుర్గమ్మా,

పోస్టుమ్యాన్ అప్పాజీ కవరు తెచ్చి, మీ ఇంటికి ఉత్తరం వచ్చి ఎన్నేళ్ళయిందో టీచరుగారూ అని నవ్వాడు. నేను మాత్రం నవ్వలేదు. రెండుసార్లు చదివాను. మా అంగన్‌వాడీ పిల్లలు ఒకళ్ళనొకళ్ళు కొట్టుకుంటున్నా పట్టించుకోలేదు.

వేట నిషేధం అయిపోయింది. మీ నాన్న బోటు మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళింది. మొదటి వేటకి పెద్దగా ఏమీ పడలేదు గానీ మనిషిలో హుషారు వచ్చింది. మీ అమ్మ నరసాపురం మార్కెట్లో పాత చోటే చేపలు పెట్టుకుని కూర్చుంటోంది.

పెళ్ళి సంగతి. అడక్కూడనిది అడుగుతున్నాననుకోకు. నీ మనసులో ఇంకెవరైనా ఉన్నారా? ఉంటే ఇప్పుడే చెప్పు. లేకపోతే ఈ ఆలోచన ఎందుకొచ్చిందో నాకు అర్థం కావడం లేదు. సుధాకర్ ప్రతి ఆదివారం ఫోన్ చేసి, అత్తయ్యగారూ మోకాళ్ళ నొప్పి తగ్గిందా అని అడుగుతాడు. ఈ రోజుల్లో కడుపున పుట్టినవాళ్ళే అడగరు. మొన్న కాకినాడ నుంచి వచ్చినప్పుడు మీ నాన్న ఫోన్లో నువ్వెక్కడున్నావో చూపించే మ్యాపు పెట్టిచ్చాడు. నువ్వు హాస్టల్ నుంచి ల్యాబుకి వెళ్తుంటే నీలం చుక్క మెల్లగా కదులుతుంది. మీ నాన్న దాన్ని రేవులో ప్రతివాడికీ చూపిస్తున్నాడు. "బోటుకి పెట్టినట్టే మా అల్లుడు పిల్లక్కూడా పెట్టాడ్రా, ఇంక తప్పిపోదు" అంటున్నాడు.

మాకూ ఇప్పుడు అన్నీ ఫోన్లోనే. పిల్లలు గుడ్డు తింటుండగా ఫొటో తీసి పంపాలి. సిగ్నల్ లేకపోతే పిల్లలు తిననట్టే, నేను పెట్టనట్టే. కాలం ఇలాగే ఉందమ్మా. ప్రేమ ఉన్నవాడే ఎక్కడున్నావని అడుగుతాడు. అడగని మొగుళ్ళతో కాపురాలు చేసినవాళ్ళని నేను చూశాను.

తొందరపడి ఎవరితోనూ ఏమీ అనకు.

మీ పిన్ని, ప్రసన్నకుమారి

*

రాజమండ్రి,
6 జులై 2023

పిన్నీ,

ఇంకెవరూ లేరు. నువ్వు అలా అడిగినందుకు బాధపడ్డాను గానీ, నేను సగం చెప్పి ఊరుకుంటే నువ్వు మాత్రం ఏం అనుకుంటావు?

తాంబూలాల రోజున ఆయన నాకు కొత్త ఫోను ఇచ్చారు. ఫోన్ల షోరూంలో మేనేజరు కదా, అన్నీ ఆయనే సెట్ చేసి ఇచ్చారు. పాస్‌వర్డులు ఆయన పెట్టినవే. నాకొచ్చే ప్రతి మెసేజీ ఆయన కంప్యూటర్లో కూడా తెరుచుకుంటుంది. కొన్నిటికి నేను చూసేలోపే నా పేరుతో ఆయనే జవాబు ఇచ్చేస్తారు. నాతో చదువుకున్న అమ్మాయి బజార్లో ఎదురైతే పలకరించాను. మొహం తిప్పుకుంది. నాతో ఇంక మాట్లాడొద్దని నువ్వే కదా మెసేజీ పెట్టావు అంది. నేను పెట్టలేదు పిన్నీ.

ఛార్జింగ్ అయిపోయిందని అబద్ధం చెప్పడానికి కూడా లేదు. నా ఫోన్లో ఎంతుందో ఆయనకి కనిపిస్తుంది. ఫోను మోగితే రక్తం తీస్తున్న సూది పక్కన పెట్టి ఎత్తాలి. పోయిన వారం బేబీ గారి పుట్టినరోజని అందరం హోటల్‌కి వెళ్ళాం. ఆయన వీడియో కాల్ చేశారు. ఒక్కొక్కరి మొహం చూపించమన్నారు. మా పక్క బల్ల మీద ఎవరో మగవాళ్ళుంటే, వాళ్ళెవరో వాళ్ళనే అడిగి చెప్పమన్నారు. నేను వెళ్ళి అడిగాను. అందరి ముందూ, ఆ ఫోను వాళ్ళ వైపు పట్టుకుని, మీరెవరండీ అని అడిగాను. వాళ్ళు నాకు పిచ్చి అనుకున్నారు. బేబీ గారు తల దించుకుని కేకు కోశారు.

కొట్టాడా అని అడుగుతావు. లేదు. ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు, గొంతు కూడా పెంచలేదు. తప్పు చేస్తే మాట్లాడ్డం మానేస్తారు. అప్పుడు నేనే ఏడ్చి బతిమాలుకుంటాను. ఏం తప్పు చేశానో నాకే తెలియకపోయినా.

నాన్న ఆ చుక్క అందరికీ చూపిస్తున్నాడని చదివి అన్నం సయించలేదు. నువ్వు ఎవరితోనూ అనకు. ముఖ్యంగా ఆయనతో.

దుర్గ

*

మొగల్తూరు,
15 జులై 2023

నా తల్లీ,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. మీ అమ్మకి చెప్పలేదు. మీ బాబాయికి మాత్రం చెప్పాను. ఆయన ఆలోచించి, కుర్రవాడికి బయటి నుంచి ఒక పెద్దమాట పడితే సర్దుకుంటాడు, పెళ్ళయ్యాక ఇలాంటివి ఉండవు అన్నాడు. నాకూ అదే మంచిదనిపించింది.

అందుకని ఆదివారం సుధాకర్ ఫోన్ చేసినప్పుడు నేనే కదిపాను. నువ్వు వద్దన్నావు, తెలుసు. కానీ నిన్ను ఒక్కమాట పడనివ్వకుండా మాట్లాడాను. అమ్మాయి చిన్నది, కాస్త బెంగపడుతోంది, తాడు కొంచెం వదులు చెయ్యి బాబూ అన్నాను. ఎంత బాగా విన్నాడో. నాకు అమ్మ లేదు అత్తయ్యగారూ, దుర్గ కూడా దూరమైపోతుందేమోనని భయం అని ఏడ్చాడు. మగపిల్లాడు ఏడుస్తుంటే నేనే ఊరుకోబెట్టాను. మీతో ఫోన్లో చెప్పుకుందా పాపం అని అడిగాడు. లేదు బాబూ, ఉత్తరం రాసింది అన్నాను. మంచిపని చేసింది, మనసులో పెట్టుకోకుండా మీకైనా చెప్పుకుంది అన్నాడు.

ఇక నుంచి మార్పు నీకే కనిపిస్తుంది. రెండు రోజులాగి ఎలా ఉందో రాయి. ఇక్కడ వానలు పడి మా బడి వసారా అంతా తడిసిపోయింది. పిల్లల్ని లోపలే కూర్చోబెడుతున్నాను.

మీ పిన్ని

*

రాజమండ్రి,
27 జులై 2023

పూజ్యులైన ప్రసన్నకుమారి పిన్నిగారికి,

నమస్కారములు. నేను ఇక్కడ క్షేమం. మీరు, బాబాయిగారు క్షేమమని తలుస్తాను.

నేను ఇంతకుముందు మీకు రాసినవన్నీ పని ఒత్తిడి వల్ల రాసినవి. అవి నిజం కాదు. సుధాకర్ గారు నన్ను చాలా బాగా చూసుకుంటున్నారు. మిమ్మల్ని అనవసరంగా బాధపెట్టినందుకు క్షమించండి. ల్యాబు ఉద్యోగం మానేశాను. హాస్టల్లోనే ఉండి ప్రభుత్వ ఉద్యోగ పరీక్షలకి చదువుకుంటున్నాను. ఇది నా సొంత నిర్ణయం. పెళ్ళి మాఘమాసంలోనే జరగాలని నా కోరిక.

ఇక మీదట బేబీ గారి పేరున ఉత్తరాలు రాయవద్దు. ఏదైనా ఉంటే ఫోన్ చేయండి.

ఇట్లు,
వెంకటదుర్గ

*

రాజమండ్రి, బేబీ గారి ఇల్లు,
19 ఆగస్టు 2023

దుర్గమ్మా,

ఈ కాగితం బేబీ గారు మీ హాస్టల్‌కి బట్టలు ఇవ్వడానికి వచ్చినట్టు వచ్చి నీ చేతికి ఇస్తారు. చదివి చింపేసెయ్.

పుట్టి బుద్ధెరిగాక నువ్వు నన్ను ‘మీరు’ అన్నది లేదు. ఆ ఉత్తరం చూడగానే అది నీ మాట కాదని తెలిసిపోయింది. సుధాకర్‌తో మాట్లాడి నిన్ను నేనే ఇందులోకి తోశానని అర్థమైంది. పొలాల పనులు, మీ అమ్మకి జ్వరం, మీ బాబాయికి వేట. వీటన్నిటి మధ్య బయల్దేరేసరికి ఇన్నాళ్ళయింది.

ఇవాళ నీ గదిలోకి వచ్చి మంచం మీద కూర్చుని, ఏంటే ఇంత చిక్కిపోయావు అన్నాను చూడు. అప్పుడు బల్ల మీద నుంచి, అత్తయ్యగారూ బాగున్నారా అని మగగొంతు వినిపించింది. నేను ఉలిక్కిపడి లేచాను. నీళ్ళసీసాకి ఆనించి ఫోను నిలబెట్టి ఉంది. అందులో అతను షోరూంలో కూర్చుని అన్నం తింటున్నాడు. రోజంతా అలాగే ఉంచి చదువుకోవాలట. దుర్గ చదువు మీద శ్రద్ధ పెట్టాలని ఇలా పెట్టుకున్నామండి అని నవ్వుతూ చెప్పాడు. నువ్వు కూడా నవ్వావు. ఆ నవ్వు నేను చచ్చేదాకా మర్చిపోను.

అతను వింటుండగా నేను నీతో ఏం మాట్లాడాను? రొయ్యల ధర గురించి, మా బడి వసారా గురించి. కింద మీ బాబాయి ఎదురుచూస్తున్నాడని లేచాను. నేను తెచ్చిన కారేజీ నువ్వు కడిగి ఇచ్చావు. ఇచ్చి, పట్టుకునే ఉన్నావు. నేను లాగితే గానీ వదల్లేదు.

నువ్వు వస్తానంటే చాలు. ఎందుకని అడగను, ఏం జరిగిందని అడగను. మీ బాబాయి, నేను ఎల్లుండి దాకా ఇక్కడే ఉంటాం. ఆ లోపల కుదరకపోతే బేబీ గారికి రాసివ్వు, మళ్ళీ వస్తాం.

పిన్ని

*

రాజమండ్రి,
24 ఆగస్టు 2023

పిన్నీ,

ఇది స్నానాల గదిలో కూర్చుని రాస్తున్నాను. ఇక్కడికి మాత్రం ఫోను తేనక్కర్లేదు. కుళాయి చప్పుడు ఆగకూడదు, అంతే.

నీ మీద కోపం ఒక్కరోజే ఉంది. తర్వాత పోయింది. నువ్వు మాట్లాడిన సాయంత్రమే ఆయన కాకినాడ నుంచి బండి మీద వచ్చారు. తిట్టలేదు. ల్యాబు బయట నన్ను పక్కన నిలబెట్టుకుని, నా ఫోన్లోంచి మా మేడమ్‌కి ఉద్యోగం మానేస్తున్నానని మెసేజీ పెట్టారు. ఆ నెలాఖరులో మళ్ళీ వచ్చి, బల్ల దగ్గర కూర్చోబెట్టి ఆ ఉత్తరం చెప్పి రాయించారు. నీకు అనుమానం రావాలని పిన్నిగారికి అని నేను కలిపాను. అది ఆయన పట్టించుకోలేదు.

నేను వస్తాను. కానీ ఒక సంగతి చెప్పకుండా వస్తే మీకు అన్యాయం చేసినదాన్నవుతాను. తాంబూలాలయ్యాక, ఇంక పెళ్ళయిపోయినట్టేగా, నా మీద నమ్మకం ఉంటే పంపు అని ఆయన నా ఫొటోలు అడిగారు. పంపాను. ఎలాంటివో రాయలేను. నేను వెళ్ళిపోతే వాటిని ఏం చేస్తారో చెప్పారు. అరుస్తూ కాదు, రేపు వానొస్తుందేమో అన్నంత మామూలుగా. ముందు నాన్నకి, తర్వాత మన ఊళ్ళో బోట్లవాళ్ళ గ్రూపుకి పంపుతారట. ఆ గ్రూపులో నాన్నే ఆయన్ని చేర్చాడు, అల్లుడని.

నువ్వు ముందుగా నాన్నకి చెప్పగలవా? ఆయన తన ఫోన్లో చూసేకంటే నీ నోటితో వింటే నయం. నాన్నకి తెలిసిందని నాకు కబురందిన రోజున నేను ఈ గది దాటతాను.

దుర్గ

*

మొగల్తూరు,
22 సెప్టెంబరు 2023

దుర్గమ్మా,

రామచంద్రపురంలో బేబీ గారి అమ్మగారి ఇంట్లో నువ్వు క్షేమంగా ఉన్నావని, అన్నం తింటున్నావని ఆవిడ రాశారు. నిన్ను అక్కడ దించి వచ్చాక ఇక్కడ జరిగింది నీకు నేనే చెప్పాలి. వేరేవాళ్ళు చెప్తే ఇంకోలా చెప్తారు.

మీ నాన్నకి ముందుగా చెప్పలేకపోయాను. నీ ఉత్తరం వచ్చేసరికి బోటు సముద్రంలో ఉంది. మీ అమ్మకి చెప్పాను. ఆవిడ నా కాళ్ళు పట్టుకుని, ఆయనకి చెప్పొద్దే, గుండె ఆగిపోద్ది, వాడు ఉత్తినే బెదిరిస్తున్నాడు అంది. సరే, వేట నుంచి రాగానే చెబుదామని ఆగాను. ఈలోగా ఫోన్లో నీ గొంతు విన్నాక ఇంక ఆగలేక నిన్ను తీసుకొచ్చేశాం. మీ నాన్నకి కబురందకుండానే నిన్ను గది దాటించాను. ఆ తప్పు నాదే.

అతను అన్నమాట ప్రకారమే చేశాడు. సముద్రంలో సిగ్నల్ ఉండదు కదా. బోటు ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరికి వచ్చేసరికి అందరి ఫోన్లూ ఒక్కసారి మోగాయట. వేట బాగా పడి, నవ్వుకుంటూ వస్తున్నారట. అందరూ ఒకేసారి ఫోన్లు తీశారు. మీ నాన్న కూడా.

ఇదంతా మీ నాన్నతో వేటకెళ్ళే బుల్లియ్య చెప్పాడు. చెప్తూ అతను కళ్ళు తుడుచుకున్నాడు. ఆ బుల్లియ్యే లేచి, ఒక్కొక్కడి చేతిలో ఫోను లాక్కుని, "మన ఇంట్లో పిల్లరా అది" అని అన్నీ తీసేయించాడు. బోటు మీద తీసేయించాడు గానీ ఊళ్ళో ఎవరు తీసేయిస్తారు?

మీ నాన్న చేపలన్నీ ఎప్పట్లాగే ఏరి, బుట్టలకెత్తి, ఇంటికొచ్చి ఫోను కిటికీలో పెట్టాడు. మళ్ళీ దాన్ని ముట్టుకోలేదు. బోటు ఎక్కలేదు. నీ పేరు ఎత్తడు. ఎవరైనా ఎత్తితే లేచి వెళ్ళిపోతాడు. మీ అమ్మ నరసాపురం మార్కెట్ మానేసి, తెలిసినవాళ్ళు లేని ఊళ్ళల్లో వీధివీధీ తిరిగి అమ్ముతోంది. ఆవిడకి నీ మీద కోపమని అనుకోకు. నీకని ఎండు మెత్తళ్ళు కట్టి ఇచ్చింది, నాన్నకి తెలియకుండా. ఈసారి వచ్చినప్పుడు తెస్తాను.

నిన్ను దించేముందు, అతను బెదిరిస్తున్నాడని మనం పోలీస్ స్టేషన్లో ఇచ్చిన ఫిర్యాదు మీద వాళ్ళు ఏమన్నా కబురు చేశారా?

పిన్ని

*

రామచంద్రపురం,
14 నవంబరు 2023

పిన్నీ,

కబురు చేశారు. అతన్ని అరెస్టు చేసి, మళ్ళీ బెయిలు మీద వదిలారు. నా ఫోను సాక్ష్యం కింద వాళ్ళ దగ్గరే ఉంది. ఇంకొకటి కొనుక్కోమని బేబీ గారు అంటున్నారు. నాకు వద్దు. ఉత్తరాలే రాసుకుందాం.

ఆ రోజు స్టేషన్లో నువ్వు బయట కూర్చున్నావు కదా. లోపల ఎస్సై అడిగిన మొదటి ప్రశ్న, మీరెందుకు పంపారమ్మా అని. నేను జవాబు చెప్పేలోపు పక్కనున్న లేడీ కానిస్టేబుల్, ఆ అమ్మాయి పంపింది ఒక్కడికండి, ఊరికి కాదు అంది. ఆయన అదే రాసుకున్నాడు. ఆవిడ పేరు అడగడం మర్చిపోయాను.

ఇక్కడ ఒక చిన్న ల్యాబులో చేరాను. పొలాల వాళ్ళు ఎక్కువగా వస్తారు. చెయ్యి చాపి కూర్చున్న ప్రతి మగమనిషీ నా మొహంలోకి చూస్తే, ఆ ఫొటోలు చూశాడా, ఇతను కూడా చూశాడా అని ఆలోచన వస్తుంది. అప్పుడు నరం దొరకదు. నిన్న ఒకాయనకి రెండుసార్లు గుచ్చాల్సి వచ్చింది. తర్వాత లోపలికెళ్ళి ఏడ్చాను. ఎవరి సంచిలోనైనా ఫోను మోగితే సూది వదిలేసి లేస్తున్నాను. కొట్టుకి వెళ్ళాలన్నా, కొట్టుకి వెళ్తున్నానండి అని ఖాళీ గదికి చెప్పి బయల్దేరుతున్నాను. బేబీ గారి అమ్మగారు విని, ఎవరికమ్మా చెప్తున్నావు అని అడిగారు.

అతని తరఫువాళ్ళు పెద్దమనిషితో రాజీ కబురు పంపారు. కేసు వెనక్కి తీసుకుంటే ఫొటోలన్నీ తీసేయిస్తారట. వాళ్ళు తీసేయించగలిగినవి ఎన్నని? నేను వద్దన్నాను.

నాన్న బోటు ఎక్కాడా? నా గురించి కాకపోయినా, ఆయన గురించి రాయి.

దుర్గ

*

మొగల్తూరు,
2 జూన్ 2024

దుర్గమ్మా,

మీ నాన్న గురించి. మొన్న ఆయన దగ్గర కూర్చుని, ఒక్కసారి రామచంద్రపురం వెళ్ళొద్దాం బావా అని అడిగాను. ఈసారి లేచి వెళ్ళలేదు. వల బాగుచేస్తూ కూర్చున్నాడు. "ఆడు పెట్టిన చుక్కని రేవంతా తిప్పి చూపించింది నేనే కదమ్మా. ఇంక దాని ముందుకి ఏ మొహంతో ఎళ్తాను" అన్నాడు. ఇన్ని నెలలూ నీ మీద కోపమని నువ్వు, నేను, మీ అమ్మ అనుకున్నాం. అయినా రానన్నాడు. నిషేధం అయ్యాక బుల్లియ్య బలవంతం మీద బోటు ఎక్కుతానన్నాడు. ఇప్పటికి అంతే.

ఇంకో సంగతి. రాయాలా వద్దా అని తటపటాయించాను. నిన్న పాలకొల్లు నుంచి శివరామకృష్ణ గారని ఒకాయన మా ఇంటికొచ్చాడు. ఆయన మేనకోడలు ఉషారాణికి సుధాకర్‌ని ఖాయం చేశారట, శ్రావణంలో పెళ్ళి. పిల్లకి తల్లిదండ్రులు లేరు, ఈయనే పెంచాడు. ఏదో కేసుందని విని కనుక్కుందామని వచ్చాడు. నేను ఉన్నదున్నట్టు అంతా చెప్పాను. ఆయన మంచినీళ్ళు తాగి, అబ్బాయి చెప్పింది వేరేగా ఉందండి అన్నాడు. ఆ అమ్మాయికి మతి సరిగ్గా లేదు, ఫొటోలు తనే పంపుకుంది అని అతను చెప్పాడట. నేను ఎంత చెప్పినా, అబ్బాయి మా పిల్లని క్షణం వదిలి ఉండలేడండి, రోజుకి ఎన్నిసార్లు ఫోన్ చేస్తాడో అని మురిసిపోయాడు.

ఆ పిల్ల పాలకొల్లులో ఒక ప్రైవేటు బడిలో టీచరు. నువ్వు వెళ్ళకమ్మా, కేసు నడుస్తోంది, మళ్ళీ అతని కళ్ళల్లో పడకు. కానీ నీకు చెప్పకుండా దాచిపెడితే, తర్వాత తెలిసినప్పుడు నన్ను క్షమించవని రాస్తున్నాను.

పిన్ని

*

రామచంద్రపురం,
8 సెప్టెంబరు 2024

పిన్నీ,

నువ్వు వద్దన్నా జూన్‌లోనే వెళ్ళాను. ఏమవుతుందో చూసి రాద్దామని ఇన్నాళ్ళు ఆగాను.

బేబీ గారు ఆ బడిలో ఎవరినో పట్టుకుని కబురు చేస్తే, ఉషారాణి బడి అయ్యాక బస్టాండు దగ్గర బేకరీకి వచ్చింది. సన్నగా ఉంది, చేతికి సుద్దముక్క పొడి అలాగే ఉంది. ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది. మీరు ఇలా ఉంటారనుకోలేదండి అంది. పిచ్చిదాన్ని చూడ్డానికి వచ్చింది పాపం. రెండు గ్లాసులు బాదంపాలు చెప్పి నేను మొదలుపెట్టాను. తాంబూలాల దాకా వచ్చానో లేదో ఫోను మోగింది. వీడియో కాల్.

ఆమె నన్ను చూసి కళ్ళతో గోడ పక్కకి చూపించింది. నేను అటు జరిగాను. నాకు కారణం చెప్పనక్కర్లేదని ఆమెకి తెలుసు. అలా జరగడం నాకెంత అలవాటో, జరపడం ఆమెకి అంత అలవాటు. ఫోను పైకెత్తి కౌంటరు, ఫ్యాను, గుమ్మం వరసగా చూపించింది. ఆకలేసి వచ్చానండి, ఒక్కదాన్నే అంది. పిన్నీ, ఆ గొంతు విన్నాను. పది నెలల తర్వాత విన్నాను. రెండో గ్లాసు ఎవరిది అని అడిగాడు.

నేను గోడకి ఇంకా అతుక్కుపోయాను. ఆమె మాత్రం నవ్వి, నాదేనండి, ఎండగా ఉంటే రెండు చెప్పాను అని నా గ్లాసు ఎత్తి గుక్క తిప్పుకోకుండా మొత్తం తాగేసింది. అతను చూస్తూ ఉన్నాడు. తర్వాత పెట్టేశాడు.

ఆమె మూతి తుడుచుకుని చాలాసేపు ఆ గ్లాసు వైపే చూసింది. నేను మళ్ళీ చెప్పబోతే వారించింది. "మీది నాకు తెలుసండి. నాది ఎవరికీ తెలీదు" అంది. ఇక ఆమే చెప్పింది. నేను మధ్యలో ఒక్కమాట అనకుండా విన్నాను. పెళ్ళి మానెయ్యమని కూడా అనలేదు. మామయ్యకి ఎలా చెప్పాలో తెలియడం లేదంది. చెప్తే అబ్బాయికి నువ్వంటే ప్రాణం అంటాడట.

వెళ్ళేటప్పుడు నా అడ్రసు అడిగింది. కాగితం మీద రాసిచ్చాను. నిలబడి రెండుసార్లు పెదవులు కదుపుతూ చదువుకుని, కాగితం నాకే తిరిగిచ్చేసింది.

శ్రావణంలో ఆ పెళ్ళి అయిపోయింది. ఆ రోజంతా నేను పని చెయ్యలేకపోయాను. వెళ్ళి ఉపయోగమేంటి, ఆ పిల్లని ఇంకా భయపెట్టి వచ్చానంతే అనుకున్నాను.

నిన్న ఆమె ఉత్తరం వచ్చింది. బడిలో రాసినట్టుంది, పిల్లల రూళ్ళ కాగితం. తన గురించి ఏమీ లేదు. జవాబు బడికి రాయమంది. ఎలా బయటపడ్డారని అడుగుతుందనుకున్నాను. అలా అడగలేదు. బయటికొచ్చాక ఎలా ఉంటుందండి అని అడిగింది.

రాత్రి కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. బాగుంటుందని రాస్తే అబద్ధం. నాన్న మొహం చూసి ఏడాది దాటింది. నరం ఇప్పటికీ ఒక్కోసారి దొరకదు. అవన్నీ రాస్తే ఆమె అక్కడే ఉండిపోతుంది. రాయకపోతే నేను కూడా మోసం చేసినట్టే. చివరికి అన్నీ రాద్దామనే అనుకున్నాను, కానీ ముందు ఇది రాస్తాను. పోయిన ఆదివారం నేను కాలవ గట్టు మీద చాలా దూరం నడిచాను. దారిలో మొక్కజొన్న కంకి కొనుక్కుని తిన్నాను. ఎక్కడికెళ్ళానో ఎవరూ అడగలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు.

దుర్గ